బరువుకడ్డీ పూర్వకథ

తెలుగుభాషలో బరువునకును రాతికిని గల చుట్టరికము చాల పాతది. అంగడివాడు తక్కెడలో వేయునది ఇనుముతో పోసిన కిలోముద్దయే యైనను దానిని మనము తూకపురాయి యనియే పిలుచుచున్నాము. 1956వ సంవత్సరపు చట్టముచే సేర్లును వీసెలును తొలగి కిలోగ్రాములు వచ్చినవి. రాతికి బదులు ఇనుము వచ్చినది. మాట మాత్రము రాయిగనే నిలిచినది. వ్యాయామశాలలోని బరువు కథయు ఇట్టిదే. నేడు మన యువకులు వేలకొలది రూపాయలు వెచ్చించి కొనుచున్న బార్‌బెల్లు, అనగా రెండుకొనలను బరువుగల ఇనుపకడ్డీ, పరదేశపు వస్తువనియు, అంగడిలో తప్ప దొరకనిదనియు పలువురు తలంచుచున్నారు. దాని పూర్వకథ తరచి చూచినచో, అది ప్రతిదేశమునందును ఊరి కమ్మరియో, వడ్రంగియో, రాతిపనివాడో దొరకిన సరకుతో చేసియిచ్చిన పనిముట్టని తెలియును. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో దానికి కావలసిన సామగ్రి యంతయు మన కాళ్లకడనే యున్నది. ఇంట చేసికొన్న బరువు ఇంటిలోనే యుండును గనుక, తాలీమ్‌ఖానా గడప తొక్కుటకు వీలులేని ఆడుపిల్లకు సయితము అది అందును. నేనీ కథ చెప్పబూనుటకు ముఖ్యకారణ మిదియే.

సంస్కృత గ్రంథములలో వ్యాయామప్రసంగము వైద్యులకడను మల్లులకడను కనబడును. వైద్యునకు ఎంత ఎత్తితివన్న విచారము లేదు. ఎప్పు డాపితివన్నదే విచారము. తన బలములో సగము మేరకే శ్రమింపవలెననియు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గుర్తనియు సుశ్రుతుడు చెప్పెను. మల్లుల సంగతి వేరు. కళ్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు (1126–1138) కూర్చిన మానసోల్లాసమున మల్లవినోదమను భాగ మున్నది. అందు మల్లులు చేయవలసిన శ్రమలలో భారశ్రమ యొకటి. ఆ కాలమున మన సీమ కళ్యాణి రాజుల యేలుబడిలోనిదే. కాకతీయు లింకను వారి సామంతులుగ నుండిరి. కాబట్టి బరువెత్తుటను ఒక క్రమమైన సాధనగ ఎంచిన గ్రంథము మన పొరుగు రాజధానిలోనే తొమ్మిదివందల యేండ్లకు పూర్వము పుట్టినదని చెప్పుకొనవచ్చును.

సాధనకు వాడిన వస్తువులు మూడు తెగలు: రాయి, కొయ్య, రాయిని మోసిన కొయ్య. నడుమ బోలుగ తొలిచి, లోపల పిడి నిలిపిన రాతివలయమునకు నాలు అని పేరు. చేతికొకటిగ త్రిప్పు కొయ్యలు ముద్గరములు. వెదురుకఱ్ఱ కొనను రాతిగుండు దిగగొట్టినచో గద యగును. హనుమంతుని చేతిలోనిదానిని మనము ఆయుధమనుకొందుము గాని, మల్లుని చేతిలో నది ఒకకొననే బరువుగల కడ్డీ. భుజబలమును పెంచు పనిముట్టు. రెండుకొనలను బరువున్నదియు మనకు క్రొత్తది కాదు. ఉత్తరదేశపు అఖాడాలలో ఒకే మొద్దును తొలిచి, నడుమ చేతిపట్టు విడిచి, రెండు ప్రక్కల దూలమును లావుగ నుంచి చేసిన వస్తువు కలదు. దానిపేరు సంతోల. ఆ పేరున సమ, తుల యను మాటలు స్పష్టముగ వినబడుచున్నవి. చీనాదేశమున రెండు రాతిచక్రములను ఒక కఱ్ఱకు దిగవేసి ఎత్తుట పూర్వాచారము. ఆ బొమ్మను చూచినప్పుడు నాకు మన ఇసుర్రాయి జ్ఞప్తికి వచ్చును. కోస్తావారు తిరుగలి యందురు. దాని పైరాతికి నడుమ రంధ్రముండనే యున్నది. పిండిమర వచ్చిన తరువాత ఇంటింటను మూలబడియున్నది. రెండిండ్ల పైరాళ్లు తెచ్చి ఒక కఱ్ఱకు బిగించినచో చీనావాని బరువుకడ్డీ సిద్ధము. ముప్పదియైదు సెంటీమీటర్ల వెడల్పును ఏడు సెంటీమీటర్ల మందమును గల గ్రానైటురాయి పదునేడు పదునెనిమిది కిలోలు తూగును. అట్టి రాళ్లను తెల్లవారుజామున లేచి త్రిప్పినవారు ఏ మల్లులును కారు, మన అమ్మమ్మలు. ఈ సంగతి తరువాత మరల వచ్చును.

నిజాము రాజ్యపు పట్టణములలో ఈ సాధనకు నెలవు తాలీమ్‌ఖానా. పేరు అరబ్బీ పారసీకములది. మట్టిగోదా, దండెములు, బస్కీలు, ముద్గరములు దేశీయములు. అచ్చట ఉస్తాదు మాట వేదవాక్కు. గొప్ప మల్లులను తయారుచేసిన స్థలములే యైనను, అవి సర్వజనులకు తెరచిన వాకిండ్లు కావు. మగవానికే ప్రవేశము, మగవారిలోనైనను కులమును మతమును చూచుట కలదు. 1930లలో రాజకీయపు వేడి హెచ్చిన కొలది వ్యాయామశాల సంఘబలమునకు గుర్తైనది. అఖాడా తెరచుటకు సర్కారు అనుమతి కావలెనన్న కట్టుబాటు, 1938–39 నాటి ఆర్యసమాజ సత్యాగ్రహమునకు ముందు వినవచ్చిన ఫిర్యాదులలో నొకటి. దేహమును పెంచుకొనుట కొకరి సెలవు కావలసిన దినము లవి. ఇంటి పెరటిలో నున్న గుండునకు ఏ అనుమతియు అక్కఱలేదు.

ఇచ్చట చదువరులకు ఒక సందేహము కలుగవచ్చును. ఇనుమునకు పుట్టినిల్లగు ఈ సీమలో మల్లుడు రాతినేల ఎత్తెను? సందేహము సహేతుకమే. కరీంనగరు పొలిమేరకు చేరువలో, నిజామాబాదు జిల్లాలోనున్న కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు ఇస్ఫహాను వర్తకులను రప్పించినంత పేరుగాంచినది. లాంబ్టను దొర భూమికొలతల బృందమునకు వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును అగు హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వ్యాసము, 1824లో ఆయన మరణించిన పిమ్మట, 1832లో కలకత్తాలో అచ్చుపడినది. నిర్మల చుట్టుపట్ల నల్లరాతి ఖనిజమును అట్టి ఉక్కునకే వాడిరి. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలసి ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి, పాత కొలుముల తావులను చిట్టెపు దిబ్బలను లెక్కకెక్కించిరి. నేటికిని ఆ ప్రాంతపు చేలగట్లపై నల్లని చిట్టెపు గడ్డలు కాలికి తగులును.

ఇంత ఇనుముండియు మల్లునకు ఇనుము దక్కకపోవుటకు కారణములు రెండు. మొదటిది బొగ్గు. కొద్దిపాటి ఇనుమునకు ఎంతో అడవి కాలవలెను. అంత ప్రయాసతో దిగిన ముద్ద నాగటికఱ్ఱునకును, గొడ్డలికిని, కత్తికిని పోవునే గాని నేలపై ఊరక పడియుండి ఎత్తి దించుటకు పనికివచ్చు బరువు కానేరదు. రెండవది, అంతకంటె ముఖ్యమైనది, కొలిమి స్వభావము. మన కొలిమిలో ఇనుము నీరై ప్రవహింపదు; మెత్తని ముద్దగ దిగును; దానిని సమ్మెటతో సాగగొట్టవలెను. మూసలలో కరగు ఉక్కు చేతిలో నిముడు బిళ్ళలంతయే. పది కిలోల గుండును ఒక్కసారిగ పోతపోయు విద్య ఈ కొలుములకు లేదు. ప్రపంచమునకు కత్తి నిచ్చిన కమ్మరి తన ఊరి పహిల్వానుకు ఒక ఇనుపగుండు నీయలేకపోయెను. రాయి యైననో, ఊరిబయట ఉచితముగ పడియున్నది. ఉలి యొకటి చాలును. ఈ కారణము గ్రహింపక, రాతిని ఎత్తుటను మోటుతనమని కొందరు వ్రాయుదురు. అది మోటుతనము కాదు, లెక్క.

పాశ్చాత్యులకడను మొదట రాయియే. గ్రీసుదేశపు ఒలింపియాలో దొరకిన యొక ఎఱ్ఱని ఇసుకరాయి 143 కిలోలకు పైగ తూగును. దానిని బైబను అనువాడు ఒంటిచేత తలమీదుగ విసరినట్లు రాతిమీదనే చెక్కియున్నది. క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దపుది. నమ్ముట నమ్మకపోవుట చదువరుల యిష్టము. డంబెల్లను మాటకు మూగగంట యని అర్థము. గంటలేని త్రాటిని లాగుచు చేయు కసరత్తునుండి ఆ పేరు వచ్చినదందురు. 1711లో ఆడిసను తన స్పెక్టేటరు పత్రికలో దానిని ముచ్చటించెను. పందొమ్మిదవ శతాబ్దమున పోతయినుము చవుకయైన తరువాత రెండు బోలుగుండ్లు ఒక కడ్డీకి చేరి బార్‌బెల్లైనది. గుండ్లలో సీసపు రవ్వయో ఇసుకయో నింపి బరువు కుదుర్చుచుండిరి. సర్కసులలో బలశాలులు ప్రదర్శించిన వివియే. మన ఆంధ్రదేశమునుండి ఆ రంగమునకెక్కి కలియుగభీముడన్న బిరుదు పొందిన కోడి రామమూర్తినాయుడు (మరణము 1942) చిన్ననాడు మన సాములోనే ఆరితేరి, పిదప మదరాసులో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొందినవాడు. రెండు సంప్రదాయములును ఆయన దేహమున కలిసెను. ఇచ్చిపుచ్చుకొనుట రెండుదిక్కుల జరిగినది. మన ముద్గరములను చూచి ఇంగ్లీషు సైనికులు నేర్చిరి. ఇండియను క్లబ్బులన్న పేర అవి ఐరోపాకును అమెరికాకును పోయి, తిరిగి మన పాఠశాలలకు డ్రిల్లురూపమున దిగుమతియైనవి. ముద్గరము మనది, దాని పాఠ్యపుస్తకము వారిది!

స్థిరభారపు కడ్డీలలో పేరుమోసినది ఫ్రాన్సుదేశపు అపోలోనుది. ఆయన అసలుపేరు లూయీ యూని. రైలుబండి చక్రములు రెంటిని ఇరుసుతోకూడ తెచ్చి ఎత్తుడుబరువుగ వాడెను. అది 166 కిలోలు. ఇరుసు లావగుటచే పిడికిట ఇముడదు. దానిని తలపైకెత్తినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును: 1930లో రిగులో, 1949లో జాను డేవిసు, 1954లో షెమాన్స్కీ. 1902లో అమెరికాలో ఆలను కాల్వర్టు బరువు మార్చుకొనుటకు వీలగు కడ్డీలను అమ్మజూపెను. 1928 నాటికి జర్మనీలో బెర్గు అనువాడు కొనలు తమంత తాము తిరుగు కడ్డీని తీర్చిదిద్దెను. పోటీలలో నేడు వాడునది దాని సంతతియే. ఈ తిరుగు కొన యన్నది చిన్న సంగతివలె తోచును గాని, స్థిరభారపు కడ్డీ చేసికొనువాడు మరువరానిది. కారణము ముందు చెప్పెదను.

అపోలోను ఇరుసును వర్ణించినప్పుడు బెల్లంపల్లి, గోదావరిఖని విద్యార్థులకు చిత్రము వేసి చూపవలసిన పనిలేదు. బొగ్గుటబ్బు చక్రములును ఇరుసును ఆ రూపమే. 1920లలో కాజీపేటనుండి బల్లార్షాకు సాగిన రైలుమార్గము పెద్దపల్లి, మంచిర్యాలల మీదుగ పోవును. ఆ మార్గము వెంబడి గనులు, గనులవెంబడి కార్ఖానాలు వచ్చినవి. ఇనుపకడ్డీ వెల్డింగుషాపు ఊరికొకటి కలదు. 1958 ప్రాంతమున మంచిర్యాలలోను, 1969లో బసంతనగరమునను సిమెంటు కర్మాగారములు వెలసినవి. కరీంనగరు గ్రానైటు ఓడలెక్కి చీనావరకు పోవుచున్నది. మన పూర్వులకు లేని పోతవిద్య మనకు సిమెంటు రూపమున దక్కినది: సిమెంటు నీటితో కలిపిన వెంటనే ఏ పాత్రలో పోసిన ఆ ఆకారము దాల్చును, కొలిమి యక్కఱలేదు, అడవి కాలనక్కఱలేదు. ఇనుముతో పోల్చినచో తేలికయే. ఘనసెంటీమీటరు ఇనుము 7.8 గ్రాములు, కాంక్రీటు ఇంచుమించు 2.4. అనగా అదే బరువునకు మూడింతల కంటె హెచ్చు చోటు పట్టును. ఇంటికి అది లోపము కాదు.

చేయు విధానము వివరముగ వ్రాయుచున్నాను. ఏలయన, రంగుడబ్బాలో సిమెంటు పోసి కఱ్ఱ గ్రుచ్చిన బరువులు పల్లెలలో కానవచ్చుచునే యున్నవి గాని, వానిలో పెక్కు నెలతిరుగకుండ ఊడిపోవుచున్నవి. కడ్డీకి 25 మిల్లీమీటర్ల లావుగల నున్నని గుండ్రని ఉక్కురాడ్డు మేలు. స్లాబులకు వాడు గీతలచువ్వ అరచేతిని కోయును. మీటరునకు 3.85 కిలోల చొప్పున మీటరున్నర రాడ్డు 5.8 కిలోలు తూగును. రాడ్డు రెండుకొనలను, సిమెంటులో మునుగు తావున, డబ్బాలో ఇముడు చువ్వముక్కలను అడ్డముగ వెల్డింగు చేయింపవలెను. ఇది విడిచినచో రాడ్డు సిమెంటులో గిఱ్ఱున తిరుగ మొదలిడి, కొన్నాళ్లకు జారిపోవును. ఊడిపోయిన బరువులలో హెచ్చింటికి జబ్బు ఇదియే.

అచ్చునకు రేకుడబ్బాను వాడి, దానిని తీయక అట్లే విడువవలెను. కాంక్రీటు అంచులు చిట్లకుండ రేకు కాచును. లోపల తీగెను రెండు చుట్లు చుట్టి ఉంచుట మంచిది. సిమెంటు ఒకపాలు, ఇసుక ఒకటిన్నర, సన్నకంకర మూడు, నీరు మితము. రెండు డబ్బాలకును పోయవలసిన తడిమిశ్రమమును ముందుగనే కాంటాపై సమముగ తూచి పెట్టుకొనవలెను, లేనిచో కడ్డీ ఒకప్రక్కకు వ్రాలును. ఒక డబ్బాలో రాడ్డు నిలువుగ నిలిపి, మేస్త్రీ గుండుదారముతో నిక్కము చూచి, పోసి, మూడుదినములు కదల్పక ఆగి, తలక్రిందులుచేసి రెండవది పోయవలెను. తడిగోనె కప్పి వారమైనను నీరు పోయుచుండవలెను. పూర్తి గట్టిదనమునకు 28 దినములు పట్టును. ఆత్రపడి పదియవనాడే ఎత్తువారు పగిలిన ముక్కలను ఏరుకొందురు.

కొలతలకు మూడు మాదిరులు చెప్పెదను. 15 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల మందముగల బిళ్లలు రెండును రాడ్డును కలసి పన్నెండున్నర కిలోలు. 20 సెంటీమీటర్ల వెడల్పు, అదే మందము ఐనచో ఇంచుమించు 18. 25 వెడల్పు, 10 మందమునకు 29. బరువు మార్చుట కిందులో వీలులేదు గనుక ఒక కుటుంబమునకు ఈ మూడును కావలెను. అయినను మూటికిని కలిపి అగు వ్యయము కొనుగోలు కడ్డీ వెలలో కొద్దిభాగమే. పోటీకడ్డీ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున నిలుచును. మనది అంతకు సగమే. నేలనుండి ఎత్తునప్పుడు నడుము అతిగ వంగకుండ ఇరువైపుల ఇటుకలు పేర్చి, వానిపై పాతటైరు ముక్క పరచి కడ్డీ నుంచవలెను. ఎత్తినదానిని విసరి పడవేయరాదు.

తిరుగు కొన మాట ఇచ్చట వచ్చును. బెర్గు కడ్డీలో బరువు తిరుగక, కడ్డీ మాత్రము చేతిలో తిరుగును. మన స్థిరభారమున అంతయు ఒకే ముద్దగ తిరుగుటచే, వేగముగ భుజములకెత్తి మణికట్టు త్రిప్పినప్పుడు ఆ విసురంతయు కీలుపై పడును. కనుక ఇది మెల్లగ ఎత్తు సాధనలకు తగినది: భుజములపై మోపి గుంజీళ్లు తీయుట, నడుమువంచి పొట్టకు లాగుట, నిలువబడి నెమ్మదిగ తలపైకి నెట్టుట. పరుండి రొమ్ముపైనుండి ఎత్తుట మాత్రము ప్రక్కన మనిషి లేనిదే కూడదు. ఏ సాధనయందైనను సుశ్రుతుని సగబలపు కొలత మొదలుపెట్టువారికి చాలును.

ఇక ఆడుపిల్లల మాట. బరువెత్తినచో గర్భాశయము జారుననియు, దేహము మగవానివలె అగుననియు చెప్పి కూతుళ్లను తప్పించు తలిదండ్రులను నేను పలువుర నెరుగుదును. వారు విద్యావిహీనులు కారు. వారి యింటిలోనే, ఆ కూతురి నాయనమ్మ ఇసుర్రాయి త్రిప్పినది, రోకలి వేసినది, నిండుబిందెలు రెండు మోసినది. గర్భిణిగ నున్నప్పుడును ఆ పని తప్పలేదు. నాడెవ్వరును గర్భాశయమును తలపలేదు. బరువు చాకిరి యైనంతకాలము అడ్డులేదు. అదే బరువు ఆమె ఆరోగ్యముకొఱకైన నాడు శాస్త్రము పుట్టుకొచ్చినది. నిజమైన శాస్త్రము వేరుగ చెప్పుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలు వారమునకు రెండుదినములైనను, 5 నుండి 17 ఏండ్ల పిల్లలు మూడుదినములైనను కండలకు బలమిచ్చు సాధన చేయవలెనని యున్నది. స్త్రీపురుష భేదము అందు లేదు. బరువుల సాధన ఎముకను గట్టిపరచుననుట వైద్యులెల్లరును ఒప్పుకొన్నదే. ముదిమిలో తుంటి విరుగు ప్రమాదము స్త్రీలకే హెచ్చు గనుక ఈ సాధన యక్కఱయు వారికే హెచ్చు.

లోకమునందును ఈ తలుపు ఆలస్యముగనే తెరువబడినది. పురుషుల బరువుపోటీ 1896లో మొదటి ఒలింపిక్సునందే యున్నది. స్త్రీలకు ప్రపంచపోటీ 1987లో మొదలైనది. ఒలింపిక్సులో ప్రవేశము 2000 సంవత్సరమున సిడ్నీలో. ఆ మొదటి తలుపు తెరచిననాడే లోనికి నడచిన వారిలో తెలుగుపిల్ల యుండెను. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లేశ్వరి, 2000 సెప్టెంబరు 19న 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనెను. ఒలింపిక్సులో పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. అంతకు ముందే 1994లోను 1995లోను ప్రపంచవిజేత. ఆమెకు గురువు నీలంశెట్టి అప్పన్న, వెన్నుకాచినది తల్లి. అక్కచెల్లెండ్రును ఆ సాధనలోనివారే. ఊరు చిన్నది, సంపద కొద్ది; కాని ఆ యింట బరువు ఆడుపిల్లకు అందరానిదిగ నుంచలేదు.

పోటీలలో పురుషుల కడ్డీ 28 మిల్లీమీటర్ల లావు, 20 కిలోలు; స్త్రీలది 25 మిల్లీమీటర్లు, 15 కిలోలు. చేతివ్రేళ్లు పొట్టివైనవారికి ఆ మూడు మిల్లీమీటర్లు మేలు చేయును. పైన 25 మిల్లీమీటర్ల రాడ్డునే చెప్పుట కిదియొక హేతువు: అన్నకును చెల్లెలికిని అది సరిపడును. నీళ్లగొట్టమును వాడదలచువారు ఒక సంగతి గమనింపవలెను. అంగుళపు గొట్టమన్నది బయట 33 మిల్లీమీటర్లకు పైగ నుండును, ఆడుపిల్ల పిడికిటికి నిండదు, జారును. మూడు కడ్డీలును ఆరిన పిమ్మట ధాన్యపు కాంటాకు తీసికొనిపోయి వేర్వేరుగ తూచి, వచ్చిన అంకెను బిళ్ళపై రంగుతో వ్రాయింపవలెను. లెక్కకు 29 రావలసినది 27 వచ్చినను, 30 వచ్చినను, వచ్చినదే వ్రాయవలెను.